నాయనకు చెప్పని గ్రహణం: ఒక కేస్ స్టడీ

"నాకేమీ అనిపించడం లేదు మేడమ్" అంది మాధవి మొదటి రోజు.

ఏడుపు రావడం లేదా, కోపం రావడం లేదా అని అడిగాను.

"అవన్నీ వస్తాయి. పాప మీద అరుస్తాను, వాళ్ళ నాన్న మీద అరుస్తాను. అది కాదు. ఏదైనా చూస్తే 'అబ్బా' అనిపించాలి కదా. ఆ 'అబ్బా' రావడం లేదు."

బెంగళూరులో మారతహళ్ళి దగ్గర నా గది. క్లినికల్ సైకాలజిస్టుగా పద్నాలుగేళ్ళుగా ఇక్కడే పని చేస్తున్నాను, వచ్చేవాళ్ళలో సగం మంది తెలుగువాళ్ళే. నిద్ర పట్టడం లేదంటారు, గుండె దడ అంటారు, ఆఫీసుకు వెళ్ళబుద్ధి కావడం లేదంటారు. 'అబ్బా' పోయిందని వచ్చిన మనిషిని మాత్రం ఈమెనే చూశాను. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాను. పేరు, ఊరి గుర్తులు, ఇంటి వివరాలు కొన్ని మార్చాను. రాసింది ఆమె చదివి రెండు చోట్ల దిద్దింది కూడా.

2022 నవంబరులో నా దగ్గరకు వచ్చేనాటికి ఆమెకు నలభై ఏళ్ళు. కదిరి దగ్గర పల్లె. తండ్రికి నాలుగెకరాల శనక్కాయ చేను, దానితోపాటు ఊళ్ళో బ్రాంచి పోస్టుమాస్టరు పని. అనంతపురంలో ఎంసీఏ చదివింది. 2008లో పెళ్ళయింది, ఆ ఏడాదే భర్తతో అమెరికా వెళ్ళింది. టెనెసీ రాష్ట్రంలో నాష్‌విల్ ఊరు. భర్త ఉద్యోగ వీసా మీద ఆధారపడ్డ డిపెండెంట్ వీసా (హెచ్-4) కాబట్టి పని చేసే వీల్లేక ఏడేళ్ళు ఇంట్లోనే ఉంది. 2015 మేలో హెచ్-4 వీసా వాళ్ళలో కొందరికి పని చేసుకునే వీలు వచ్చినప్పుడు వెంటనే కార్డు తెచ్చుకుని ఒక బిల్లింగ్ ఆఫీసులో చేరింది. గ్రీన్‌కార్డులు ఏ ఒక్క దేశం వాళ్ళకూ ఏడు శాతం మించి వెళ్ళకూడదన్న లెక్క ఒకటి ఉంది కదా, ఆ వరసలో ఎదురు చూసి చూసి విసిగి 2022 జూన్‌లో బెంగళూరు వచ్చేశారు. కూతురు 2010లో అక్కడే పుట్టింది. అమెరికా పౌరురాలు, భారత మూలాలున్న విదేశీ పౌరులకు మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు మీద ఇక్కడ ఉంది. చట్టం లెక్కలో ఆ ఇంట్లో విదేశీయురాలు ఆ పన్నెండేళ్ళ పిల్ల ఒక్కతే. ఈ సంగతి నాకు తట్టడానికి చాలా వారాలు పట్టింది.

డిప్రెషన్‌ను కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నపత్రంలో 27కు 13 వచ్చింది, మధ్యస్థాయి డిప్రెషన్ లక్షణాలు. చనిపోవాలన్న ఆలోచన ఉందా అని మొదటి రోజే సూటిగా అడుగుతాను, లేదంది. థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించుకు రమ్మన్నాను. బి12 తక్కువుంటే ఫిజీషియన్ మందు రాశారు. నీరసం తగ్గింది. 'అబ్బా' రాలేదు.

తిరిగొచ్చినవాళ్ళ బెంగే ఇది అనుకున్నాను. గల్లాహార్న్ దంపతులనే సామాజిక శాస్త్రవేత్తలు 1963లోనే దీన్ని రాశారు. పరదేశం పోయినప్పుడు మనసు ఒకసారి కుంగి లేస్తుంది, ఇంటికి తిరిగొచ్చాక మళ్ళీ కుంగి లేస్తుంది, గీత గీస్తే ఇంగ్లీషు 'డబ్ల్యూ' అక్షరంలా ఉంటుందని. నేను చూసినంతలో ఈ రెండో కుంగుబాటే ఎక్కువ నొప్పి, ఎందుకంటే దానికి ఓదార్పు దొరకదు. సొంత దేశానికొచ్చి బెంగేమిటి అంటారు. మాధవి వచ్చింది సొంతూరికి కూడా కాదు. కన్నడ రాదు, పద్నాలుగో అంతస్తులో ఫ్లాటు, కూరగాయలు కూడా యాప్‌లోనే. "నాష్‌విల్‌లో అయినా పక్కింటావిడతో వాతావరణం గురించి మాట్లాడేదాన్ని" అంది.

నోట్సు తిరగేస్తుంటే ఇంకోటి కనబడింది. మొదటి మూడు సెషన్లలో ఆమె నోట 'మనం' అనే మాట లేదు. "అక్కడ మేము ఇట్లా చేసేవాళ్ళం", "ఇక్కడ వీళ్ళు ఇట్లా చేస్తారు", "మా అమ్మావాళ్ళు". తెలుగులో ఎదుటి మనిషిని కలుపుకుంటే మనం, బయట నిలబెడితే మేము. ఇంగ్లీషు, హిందీ ఈ తేడాను ఒక్క మాటలో చూపలేవు. పరాయిచోట బతికినవాళ్ళు మాట్లాడుతుంటే ఈ రెండు మాటలనూ లెక్కపెట్టడం నాకు అలవాటు. ఇది ఏ పరీక్షలోనూ లేదు, నా గదిలో నేను నేర్చుకున్నది. తిరిగొచ్చిన కొత్తలో 'మేము' ఎక్కువగా వినబడటం మామూలే. కానీ ఆమె కూతురితో గొడవ పడ్డ ఒక సాయంత్రం గురించి చెబుతూ, "మీ దేశంలో అయితే ఇట్లా మాట్లాడతారేమో, మా దగ్గర కుదరదు అన్నాను" అంది. కన్న కూతురితో 'మీ దేశం', 'మా దగ్గర'. అది రాసుకుని కింద గీత గీశాను.

నేను చేసిన పొరపాటు

ఈ 'అబ్బా' మీద ఇరవై ఏళ్ళుగా మంచి పరిశోధన జరుగుతోంది. డాకర్ కెల్ట్నర్, జొనాథన్ హైట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో రాసిన వ్యాసంలో దానికి రెండు లక్షణాలు చెప్పారు. ఎదుట ఉన్నది మనకన్నా చాలా పెద్దదనిపించాలి, మనకున్న పాత లెక్కల్లో ఇమడక మనసు తన లెక్కనే మార్చుకోవాల్సి రావాలి. పెద్దదంటే కొండే కానక్కర్లేదు, ఒక రాగం కావచ్చు, ఒక మనిషి చేసిన త్యాగం కావచ్చు. నాట్యశాస్త్రం దీన్ని అద్భుత రసమంది, విస్మయాన్ని దానికి స్థాయీభావంగా, అంటే మూలమైన భావంగా పెట్టింది. కళ్ళు విప్పారడం, రెప్పవేయకపోవడం, ఒళ్ళు పులకరించడం, కన్నీరు, గొంతు గద్గదం కావడం, అన్నీ చెప్పింది. పనిలో నాకు ఎక్కువ ఉపయోగపడేది నాట్యశాస్త్రం చెప్పిన ఈ ఒంటి గుర్తులే. మనసుకు అంతుచిక్కనిది ఒంటిని అడిగితే చెబుతుంది.

మన అబ్బురం అనే మాట నాకు చాలా ఇష్టం. వింత అని ఒక అర్థం, అపురూపం అని ఇంకో అర్థం. లేకలేక పుట్టిన బిడ్డను అబ్బురంగా పెంచుకున్నారంటాం.

సరే, నేను చేసింది చెబుతాను. వర్జీనియా స్టర్మ్ బృందం 2020లో ప్రచురించిన అధ్యయనం నాకు బాగా నచ్చింది. పెద్దవయసు వాళ్ళను ఎనిమిది వారాలపాటు, వారానికి పదిహేను నిమిషాలు, చుట్టూ ఉన్నదాన్ని కొత్త కళ్ళతో చూస్తూ నడవమన్నారు. ఉత్తినే నడిచినవాళ్ళకన్నా వీళ్ళకు సంతోషం, కృతజ్ఞత, కరుణ ఎక్కువగా కలిగాయి. నడకల్లో తీసుకున్న సెల్ఫీల్లో వాళ్ళ బొమ్మ వారవారం చిన్నదవుతూ, చుట్టూ ఉన్న లోకం పెద్దదవుతూ వచ్చింది. చదవడానికి ఎంత బాగుంటుంది! అదే మాధవికి హోంవర్కుగా ఇచ్చాను. లాల్‌బాగ్ బండ మీదికి వెళ్ళమన్నాను. కెంపేగౌడ గోపురం ఉన్న ఆ బండ వయసు మూడు వందల కోట్ల సంవత్సరాలని అక్కడ బోర్డే ఉంటుంది. ఇంతకన్నా పెద్దది ఈ ఊళ్ళో ఏముందనుకున్నాను.

మూడు వారాల తర్వాత ఒక నోటుబుక్కు తెచ్చింది. మార్జిను కొట్టి, స్కేలుతో గళ్ళు గీసి రాసింది. "డిసెంబరు 18, లాల్‌బాగ్ బండ, 15 నిమిషాలు, 3/10." తర్వాతి వారం కైకొండ్రహళ్ళి చెరువు, 4/10. ఆ తర్వాతిది 2/10.

"బోర్డు చదివినా మేడమ్. మూడు వందల కోట్ల ఏళ్ళంట. చదివి, పాప ట్యూషన్‌కు టైమయిందేమోనని ఫోన్ చూసుకున్నా." కాసేపాగి, "ఇది కూడా నాకు చాతకాలేదు" అంది.

ఆ 'ఇది కూడా' అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. పద్నాలుగేళ్ళు ఆమె ఒక కిటికీ ముందు నుంచి ఇంకో కిటికీ ముందుకు కాగితాల ఫైలు పట్టుకుని తిరిగింది. వేలిముద్రలు, ఇంటర్వ్యూలు, రెన్యువళ్ళు. ప్రతిచోటా ఎవరో ఆమెను కొలిచారు. చివరికి నేను కూడా ఆమె చేతికి ఒక పరీక్షే ఇచ్చాను. తప్పు నాది, ఆమెతో ఆ రోజే ఆ మాట చెప్పాను.

ఆ పొరపాటు నాకొకటి నేర్పింది. అబ్బురం మనిషిని చిన్నగా చేస్తుందని, అలా చిన్నగా అనిపించడం హాయిగా ఉంటుందని ఈ అధ్యయనాలు చెబుతాయి. తెలుగులో చిన్నగా ఉండటం వేరు, చిన్నబోవడం వేరు. సముద్రం ముందు చిన్నగా ఉంటాం. నలుగురిలో మాట పడితే చిన్నబోతాం. వలస వెళ్ళిన మనిషికి ఈ రెండోది రోజువారీ కూడు. తన ఉచ్చారణను మళ్ళీ చెప్పించుకున్నప్పుడు, కౌంటర్‌లో ఫైలు వెనక్కి తోసినప్పుడు చిన్నబోయి, చిన్నబోయి, చివరికి ఏ పెద్దదాని ముందైనా ఒళ్ళు ముందే బిగుసుకుంటుంది. అబ్బురంలో భయం కలిసిన రకం ఒకటుందనీ, దానివల్ల మనసుకు ఆ హాయి అంతగా దక్కదనీ 2017లో గార్డన్, కెల్ట్నర్ తదితరులు రాశారు. నేను ఆ వ్యాసం చదివే ఉన్నాను. హోంవర్కు ఇచ్చే రోజున గుర్తు రాలేదు.

రెండు నిమిషాలు

జనవరిలో ఒక రోజు హోంవర్కు సంగతి పక్కన పెట్టి, "చివరిసారి మీ ఒళ్ళు జలదరించింది ఎప్పుడు?" అని మాత్రం అడిగాను.

చాలాసేపు మాట్లాడలేదు. కళ్ళద్దాలు తీసి చున్నీతో తుడిచింది, మళ్ళీ పెట్టుకోలేదు.

"2017 ఆగస్టు 21" అంది. తేదీతో సహా.

ఆ రోజు అమెరికాను పడమటి తీరం నుంచి తూర్పు తీరం దాకా కోసుకుంటూ సంపూర్ణ సూర్యగ్రహణం వెళ్ళింది, నాష్‌విల్ ఆ దారిలో ఉంది. మధ్యాహ్నం ఒకటిన్నరకు ఆఫీసు వాళ్ళంతా పార్కింగ్ లాట్‌లో నిలబడ్డారు. చెప్పడం మొదలుపెట్టాక ఆమె చేతులు ఒడిలో ఆగలేదు. చెట్టు కింద ఆకుల సందుల్లోంచి పడే ఎండ చుక్కలన్నీ నెలవంకలయ్యాయట. వేలితో గాలిలో ఆ వంకలు గీసి చూపించింది. తర్వాత చల్లబడింది. దీపస్తంభాలు వాటంతటవే వెలిగాయి. చీకటి పడిందనుకుని పురుగులు కూత అందుకున్నాయి. నాలుగు దిక్కులా అంచున సాయంకాలపు ఎరుపు, నడిమధ్యన నల్లటి బిళ్ళ, దాని చుట్టూ తెల్లటి వెలుగు. మెక్సికో నుంచి వచ్చి స్థిరపడ్డ ఒక సహోద్యోగిని ఏడుస్తూ ఈమెను కౌగిలించుకుంది. అంతవరకూ ఆమెతో గుడ్ మార్నింగ్ దాటి మాట్లాడింది లేదు.

"రెండు నిమిషాలు మేడమ్. అంతే."

"అప్పుడు ఎవరు గుర్తొచ్చారు?"

అప్పుడు ఏడ్చింది.

1995 అక్టోబరు 24న ఉత్తరాదిన సంపూర్ణ గ్రహణం, కదిరి వైపు పాక్షికం. మాధవికి పదమూడేళ్ళు. వీధులన్నీ తలుపులు మూసుకుని ఉంటే వాళ్ళ నాయన పెరట్లో ఇత్తడి పళ్ళెంలో పసుపు నీళ్ళు పోసి కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "పైకి సూడగాకు పాపా, పళ్ళెంలో సూడు. సూర్యున్ని ఎట్ల కొరుకుతాండాడో." (నీళ్ళలో ప్రతిబింబం చూడటం కూడా కంటికి పూర్తి క్షేమం కాదు. గ్రహణపు కళ్ళద్దాలే మేలు. తల్లిదండ్రులు చదువుతారేమోనని రాస్తున్నాను.) పక్కనే ఇంకో పళ్ళెంలో రోకలి నిలబెట్టారు. గ్రహణం ఉన్నంతసేపూ రోకలి పడకుండా నిలబడుతుందని నమ్మకం. అది నిలబడింది, ఇంటిల్లిపాదీ దండం పెట్టారు. మర్నాడు ఆయన ఎవరూ లేనప్పుడు మాధవిని పిలిచి, అదే రోకలిని ఓపిగ్గా మళ్ళీ నిలబెట్టి చూపించాడు. గ్రహణం లేకుండానే నిలబడింది. అడుగు చదునుగా ఉంటే ఎప్పుడైనా నిలబడుతుందన్నాడు. "అయినా చూడు ఎంత బాగా నిలబడిందో" అని ఇద్దరూ దాని ముందు చాలాసేపు కూర్చున్నారట.

నాష్‌విల్‌లో వెలుగు తిరిగొచ్చేసరికి ఆమె చేతిలో ఫోను, తెర మీద 'నాయన' అన్న పేరు. ఇండియాలో అర్ధరాత్రి పన్నెండు కావస్తోంది. ఈ వేళప్పుడు ఫోన్ మోగితే ఆయన గుండె ఆగినంత పనవుతుందని పెట్టేసింది. తర్వాత రెండు సార్లు మాట్లాడింది. మోకాలి నొప్పి గురించి, శనక్కాయ ధర గురించి. గ్రహణం సంగతి తీరిగ్గా చెప్పాలనుకుంది, చాలా ఉంది కాబట్టి. సెప్టెంబరు 9న ఆయన చేనులోనే కుప్పకూలాడు. ఆమె పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు దాటిపోయి ఉంది. ఇండియా వెళ్తే తిరిగి రావడానికి కొత్త స్టాంపు కావాలి. ఇంకా పరిశీలించాలంటూ కాన్సులేటు వాళ్ళు 221(జి) అనే నిబంధన కింద ఆపేస్తే ఎన్ని నెలలో తెలియదు, పిల్లకు ఏడేళ్ళు. వెళ్ళలేదు. పెద్ద కర్మ వీడియో కాల్‌లో చూసింది. సొంతూరికి వెళ్ళింది పద్నాలుగు నెలల తర్వాత.

'అబ్బా' ఎక్కడికీ పోలేదని నాకు అప్పుడు అర్థమైంది. అది ఆమె లోపల నాయన ఫోన్ నంబరు దగ్గరే నిలబడి ఉంది. ఏదైనా పెద్దది ఎదురైతే, ముందు చెప్పాల్సింది ఆయనకు. ఆయనకు చెప్పకుండా దేన్ని చూసి అబ్బురపడినా ద్రోహం.

ఇదే గ్రహణం మీద ఒక అధ్యయనం ఉంది. గోల్డీ, జోన్స్, పిఫ్ 2022లో ప్రచురించారు. గ్రహణం రోజున లక్షలమంది ట్విట్టర్‌లో రాసుకున్న మాటలను పోల్చి చూస్తే, సంపూర్ణ గ్రహణం దారిలో ఉన్నవాళ్ళ రాతల్లో 'నేను' తగ్గి, ఇంగ్లీషు 'వీ' పెరిగింది. ఆ 'వీ' తెలుగులోకి వస్తే మనమా, మేమా? నా అభిప్రాయం చెబుతాను. అబ్బురం కోరేది 'మనం' అనే మాటనే. పెద్దదాన్ని చూడగానే పక్కనున్న మనిషి మోచేయి పట్టుకుని "చూశావా" అంటాం. ఆ చూశావాకు బదులు పలికే మనిషి వేరే ఖండంలో నిద్రపోతుంటే, లేదా ఇక లేకపోతే, చూసింది లోపలికి దిగదు. గొంతులోనే ఆగుతుంది. మంచు మొదటిసారి చూసిన రాత్రి ఎవరికీ చెప్పుకోలేక గదిలో ఏడ్చిన కుర్రాళ్ళు నా దగ్గరకు చాలామంది వచ్చారు. ఇంటిమీద బెంగ అని రాసి వదిలేశాను ఇన్నాళ్ళూ.

దుఃఖం ఏడాది దాటినా మనిషిని కట్టేసి ఉంచితే దానికి ఇప్పుడు వేరే పేరుంది. 2022లో మానసిక రుగ్మతల నిర్ధారణకు వాడే డీఎస్‌ఎం అనే పుస్తకం సవరణలో దీర్ఘకాలిక దుఃఖ రుగ్మతను చేర్చారు. మాధవి లక్షణాలు ఆ గీతకు కొంచెం ఇవతలే ఉన్నాయి. పేరు పెట్టలేదు గానీ పని మాత్రం దుఃఖం మీదే మొదలుపెట్టాను.

ఖాళీ కుర్చీ పెట్టి, నాయన అందులో కూర్చున్నాడనుకుని మాట్లాడమనే పద్ధతి ఒకటి ఉంది. ఆమెకు అది నాటకంలా అనిపించింది. "మా నాయన కుర్చీలో కూర్చునే మనిషి కాదు మేడమ్" అంది. అయితే ఫోనే చేయండి అన్నాను. ఆ రోజు చేసుంటే మొదటి మాట ఏమనేవారు? ఫోన్ చెవికి పెట్టుకుంది. ఆపి ఉన్న ఫోనే.

"నాయనా, నిద్రపోయినావా? నేనే. ఏమీ కాలేదు, భయపడగాకు. అందరం బాగుండాం."

అర్ధరాత్రి ఫోన్ చేసే ప్రతి బిడ్డా ముందు చెప్పే మాట అది. అంతవరకు నాతో ఆమె మాట్లాడింది సగం ఇంగ్లీషు కలిసిన, ఎక్కడిదో తెలియని తెలుగు. ఫోన్ చెవికి పెట్టుకోగానే కదిరి తెలుగు వచ్చేసింది.

"ఈడ ఈ పొద్దు గ్రహణం నాయనా. మనం పళ్ళెంలో సూసినాం గదా, అట్ల గాదు. మిట్టమధ్యాన్నం సీకటైపాయ. సూర్యుని సుట్టూ తెల్లగా, ఎవరో జుట్టు యిరబోసుకున్నట్ల ఉండె..."

ఇరవై నిమిషాలు మాట్లాడింది. నేను కదల్లేదు. రెండు నెలల్లో మొదటిసారి ఆమె నోట 'మనం' విన్నాను.

నీడ లేని మధ్యాహ్నం

ఆ తర్వాత ఆరు సెషన్లు ఎక్కువగా నాయన గురించే గడిచాయి, వివరాలు అక్కర్లేదు. భర్త రెండు సార్లు వచ్చాడు. మంచివాడు, మాటలు తక్కువ, తిరిగి రావాలన్న నిర్ణయం తనదేనని అపరాధభావం. చెప్పుకోవాల్సింది కూతురి గురించి.

అవుటర్ రింగ్ రోడ్డు మీద ఆవు పడుకుని ఉంటే కార్లన్నీ రాయి చుట్టూ నీళ్ళు తిరిగినట్టు తిరిగి పోవడం చూసి ఆ పిల్ల కారు అద్దానికి ముఖం ఆనించి, "అమ్మా, ఎవరూ హారన్ కొట్టట్లేదు, దానికే!" అందట. అమ్మకు సిగ్గేసింది, అదేం గొప్ప అని కసిరింది. ఇది నాకు చెబుతూ చెబుతూ మాధవి తానే ఆగిపోయింది. పిల్ల ఆ రోజు మోచేయి పట్టుకుని 'చూశావా' అంది. తాను బదులు పలకలేదు.

ఇంటికి వెళ్ళి నాయన, పళ్ళెం, రోకలి, పార్కింగ్ లాట్ మొత్తం కథ కూతురికి చెప్పింది. పిల్ల విని, "నేను కూడా చూశా కదమ్మా ఆ రోజు. డే-కేర్ గ్రౌండ్‌లో. నువ్వు ఎప్పుడూ అడగలేదు" అంది.

ఏడేళ్ళ పిల్ల సంపూర్ణ గ్రహణం చూసి ఇంటికొచ్చింది. ఆ ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఐదేళ్ళు.

ఏప్రిల్‌లో ఆ పిల్లే పేపర్లో ఒక వార్త చూసి అమ్మకు చూపించింది. 2023 ఏప్రిల్ 25, మధ్యాహ్నం 12 గంటల 17 నిమిషాలకు బెంగళూరులో నిటారుగా ఉన్న వస్తువుకు నీడ ఉండదు. కోరమంగళలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ వాళ్ళు జనానికి చూపించే ఏర్పాట్లు చేశారు. కర్కటరేఖకూ మకరరేఖకూ మధ్య ఉన్న ఊళ్ళకు మాత్రమే సూర్యుడు ఏడాదికి రెండు సార్లు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. బెంగళూరుకు ఏప్రిల్ 24, 25 తేదీల్లో, మళ్ళీ ఆగస్టు 18 ప్రాంతంలో. నాష్‌విల్ 36 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, అక్కడ ఎన్నటికీ రాడు. ఆ పిల్ల అట్లాసు ముందేసుకుని ఈ లెక్క తానే తేల్చుకుంది. తాను పుట్టిన ఊళ్ళో జరగనే జరగనిది ఒకటి ఇక్కడ జరుగుతుంది.

ఈ హోంవర్కు నేనివ్వలేదు. జరిగాక ఆమె చెబితే విన్నాను.

ఇంట్లో రోకలి లేదు, మిక్సీ ఉంది. అప్పడాల కర్ర నిలబడదు. స్టీలు గ్లాసు, నీళ్ళ సీసా తీసుకుని పన్నెండుకే టెర్రస్ మీదికి వెళ్ళారు. కాళ్ళు కాలుతుంటే పాత దుప్పటి పరిచారు. గ్లాసు మామూలుగా పెడితే దాని అంచు అడుగుకన్నా వెడల్పు కాబట్టి కింద ఉంగరంలా సన్నటి నీడ. పిల్ల దాన్ని బోర్లించింది. వాటర్ ట్యాంకు వాల్వు తిప్పడానికి వచ్చిన సెక్యూరిటీ అతను గంజాం జిల్లా ఒడియా మనిషి, ఏం చేస్తున్నారని ఆగాడు. బట్టలారేయడానికి వచ్చిన వంటమనిషి రాయచూరు వైపుది, ఆమె కూడా ఆగింది. పన్నెండు పదిహేనుకు సీసా నీడ వేలెడంత కూడా లేదు. పదహారుకు గోరంత. పదిహేడుకు సీసా నేల మీద అతికించిన బొమ్మలా నిలబడింది. వంటమనిషి తన కాళ్ళ చుట్టూ తిరిగి వెతుక్కుని "నోడ్రీ, నోడ్రీ" (చూడండి, చూడండి) అని అరిచింది. సెక్యూరిటీ అతను టోపీ తీసి చేత్తో దూరంగా పట్టుకుని, సరిగ్గా దాని కిందే పడ్డ గుండ్రటి నీడను చూసి నవ్వాడు. పిల్ల అమ్మ మోచేయి పట్టుకుంది.

"అప్పుడు వచ్చింది మేడమ్" అంది మాధవి. ఏది అని నేను అడగలేదు.

సూర్యుడు రోజురోజుకూ ఉత్తరానికి జరుగుతాడు కాబట్టి మూడు రోజులకు అదే మధ్యాహ్నం కదిరికి వస్తుంది. వేసవి సెలవులు. 28న తల్లీకూతుళ్ళు పల్లెకు వెళ్ళారు. అటక మీది రోకలి దింపి, కడిగి, పెరట్లో అదే ఇత్తడి పళ్ళెంలో నిలబెట్టారు. మూడుసార్లు పడింది, నాలుగోసారి నిలబడింది. అవ్వ అరుగు మీద నుంచే చూస్తూ, "నీడ యాడికి పోతాదే పాపా, దాని కిందనే ఉండాది" అందట. పిల్ల దాన్ని తన నోటుబుక్కులో ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలుగానే రాసుకుంది.

మొత్తం పదిహేడు సెషన్లు. జూన్‌లో ఆపేనాటికి పీహెచ్‌క్యూ-9 ఆరుకు దిగింది. అన్నీ కుదుటపడ్డాయని రాయను. పిల్లకు బడిలో ఇంకా దగ్గరి స్నేహితులు లేరు, కాలేజీకి అమెరికా వెళ్తానంటోంది, అది తలుచుకుంటే మాధవికి నిద్ర పట్టదు. కోపమొస్తే 'మీ దేశం' ఇప్పటికీ నోటికి వస్తుంది, తర్వాత తానే నాలుక కరుచుకుంటుంది. నేను మాత్రం వలస వెళ్ళి వచ్చినవాళ్ళకు మొదటి నెలల్లో ఆ నడకల హోంవర్కు ఇవ్వడం మానేశాను. ఏదైనా గొప్పది చూస్తే ముందు ఎవరికి చెప్పాలనిపిస్తుందని అడుగుతాను. జవాబు రావడానికి ఒక్కోసారి గంట పడుతుంది, ఒక్కోసారి మూడు వారాలు.

2024 ఏప్రిల్‌లో ఫాలోఅప్‌కు వచ్చింది. ఆ నెల 8న అమెరికాలో మళ్ళీ సంపూర్ణ గ్రహణం పట్టింది, ఈసారి దారి టెక్సాస్ మీదుగా. పార్కింగ్ లాట్‌లో కౌగిలించుకున్న ఆ మెక్సికో సహోద్యోగిని ఇప్పుడు డాలస్‌లో ఉంటుంది. నెల ముందే మాధవి ఆమెకు మెసేజ్ పెట్టింది: మాకు అర్ధరాత్రి అవుతుంది, అయినా ఫోన్ చెయ్. తల్లీకూతుళ్ళు హాల్లో దీపం వేసుకుని కూర్చున్నారు. భర్త కూడా లేచి వచ్చి సోఫా చివర కూర్చున్నాడు. పన్నెండు దాటి పది నిమిషాలకు ఫోన్ మోగింది. మొదటి రింగుకే పాప ఎత్తింది.